కర్మాగారంలో పెయింటింగ్ వల్ల గాలి చెడకుండా చూసుకోవడం ఎలా

గాజులమండ్యం పారిశ్రామికవాడలోనో, తిరుపతి ఆటోనగర్‌లోనో, చిత్తూరు చుట్టుపక్కలనో మీకు బీరువాలు, ప్యానెల్ బోర్డులు, ట్రాలీలు, యంత్రాల విడిభాగాలు తయారుచేసే యూనిట్ ఉందనుకుందాం. అక్కడి నుంచి గాలిలోకి పోయేవాటిలో వెల్డింగ్ పొగ కంటికి కనిపిస్తుంది, జనరేటర్ పొగ కూడా కనిపిస్తుంది, పెయింటింగ్ విభాగం నుంచి పోయేది మాత్రం వాసనగా తప్ప తెలియదు. అందుకే దాన్ని తగ్గించాలన్న ఆలోచన చాలాచోట్ల తనిఖీ నోటీసు వచ్చాకగానీ పుట్టదు.

పెయింట్ ఆరడమంటే అందులోని ద్రావణి, అంటే దాన్ని పలుచగా ఉంచే సాల్వెంట్, గాలిలో కలిసిపోవడమే. టొలీన్, జైలీన్, బ్యూటైల్ ఎసిటేట్, ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) వంటి ఈ పదార్థాలన్నిటినీ కలిపి వీఓసీలు, అంటే సులువుగా ఆవిరయ్యే కర్బన పదార్థాలు అంటారు. ఇవి పెయింటర్ ఊపిరితిత్తులకూ నరాలకూ చేసే చేటు ఒకటైతే, బయటికి వెళ్లాక వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో ఎండలో చర్య జరిపి నేలమట్టంలో ఓజోన్‌ను పుట్టించడం మరొకటి. 2009లో ప్రకటించిన జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల ప్రకారం ఓజోన్ ఎనిమిది గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. ఒకవైపు ఏడాదిలో అధికభాగం మండే ఎండ, మరోవైపు లారీలు ఆగకుండా తిరిగే రహదారులు ఉన్న రేణిగుంట లాంటి చోట ఆ చర్యకు కావలసిన సరంజామా అంతా సిద్ధంగానే ఉంటుంది. ఇక స్ప్రే చేసేటప్పుడు వస్తువుకు అంటకుండా ఎగిరిపోయే తుంపర ఆరిపోయి సన్నని ధూళిగా మారుతుంది. చిత్తూరు పట్టణం 2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్నది గాలిలోని ధూళి కారణంగానే కాబట్టి ఆ సంగతినీ తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

ఈ పని మొదలుపెట్టేవారు సాధారణంగా పైకప్పు మీద ఏ యంత్రం పెట్టాలని అడుగుతారు. నా అభిప్రాయంలో అది అడగవలసిన చివరి ప్రశ్న. మీ గేటులోంచి డ్రమ్ములలో లోపలికి వచ్చిన ద్రావణి, ప్రమాదకర వ్యర్థంగా మళ్లీ గేటు దాటకపోతే, గాలిలోకే పోయినట్టు లెక్క. దానికి మూడో దారి లేదు. కాబట్టి కాలుష్యాన్ని తగ్గించడం కొనుగోలు దగ్గరే మొదలవ్వాలి. కింది మెట్లన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి.

మొదటి మెట్టు: స్టోర్స్ రిజిస్టర్‌తో లెక్క కట్టండి

గత మూడు నెలల పెయింట్, థిన్నర్ బిల్లులను, స్టోర్స్ నుంచి ఇచ్చిన ఇష్యూ స్లిప్పులను ముందు పెట్టుకోండి. ప్రతి పెయింట్‌కూ తయారీ సంస్థ ఇచ్చే టెక్నికల్ డేటా షీట్‌లో లీటరుకు ఎన్ని గ్రాముల వీఓసీ ఉందో, ఘనపదార్థం ఎంత శాతమో రాసి ఉంటుంది. డీలర్ దగ్గర లేకపోతే కంపెనీకి రాసి తెప్పించుకోండి. థిన్నర్‌కు ఈ తలనొప్పి లేదు, అది మొత్తం వీఓసీయే, లీటరుకు సుమారు 860 గ్రాములని లెక్కేసుకోవచ్చు.

ఉదాహరణకు ఒక యూనిట్ నెలకు 200 లీటర్ల పెయింట్, 150 లీటర్ల థిన్నర్ వాడుతుందనుకుందాం. పెయింట్‌లో లీటరుకు 450 గ్రాముల వీఓసీ ఉంటే 90 కిలోలు, థిన్నర్ 129 కిలోలు, మొత్తం 219 కిలోలు అవుతుంది. వాడేసిన థిన్నర్‌ను డ్రమ్ముకెత్తి బయటికి పంపినదానిలో ద్రావణి 30 కిలోలుంటే, మిగిలిన 189 కిలోలు ఆ నెలలో గాలిలోకి పోయినట్టే. ఆ నెలలో పూత వేసిన వైశాల్యం 1,000 చదరపు మీటర్లయితే చదరపు మీటరుకు 189 గ్రాములు పోయిందన్నమాట. ఈ చివరి అంకెను గోడ మీద రాసిపెట్టండి. ఆర్డర్లు పెరిగినప్పుడు కిలోలు పెరుగుతాయి, తగ్గినప్పుడు తగ్గుతాయి, వాటిని చూసి మీరు బాగుపడ్డారో లేదో చెప్పలేం. చదరపు మీటరుకు పడే గ్రాములైతే అసలు సంగతి చెబుతాయి.

ఇక్కడ చాలామందిని ఆశ్చర్యపరిచేది ఒకటుంది. పెయింట్ డబ్బాల నుంచి వచ్చే వీఓసీ కంటే థిన్నర్ డ్రమ్ముల నుంచి వచ్చేదే ఎక్కువగా తేలుతుంది. కాబట్టి థిన్నర్‌ను స్టోర్స్‌లో రెండు పద్దులుగా రాయించండి: పెయింట్‌లో కలపడానికి ఇచ్చినది, కడగడానికి ఇచ్చినది. ఈ ఒక్క విభజన లేకపోతే తర్వాతి మెట్లలో ఏది ఫలించిందో మీకు తెలియదు.

రెండో మెట్టు: డబ్బాలో ఉన్నదాన్ని మార్చండి

అన్నిటికంటే పెద్ద తేడా వచ్చేది ఇక్కడే. డ్యూకో అని మనవాళ్లు పిలిచే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్లు త్వరగా ఆరతాయి, చేతికి అనువుగా ఉంటాయి, కానీ వాటిలో ఘనపదార్థం తక్కువ. స్ప్రే చేయడానికి దాదాపు సమానంగా థిన్నర్ కలుపుతారు కాబట్టి గన్‌లో పోసినదానిలో ఎక్కువభాగం గాలిపాలే. మీ దగ్గర ఇంకా ఎన్‌సీ నడుస్తుంటే ముందు దాన్ని మాన్పించడమే మేలు.

బీరువాలు, ప్యానెల్ బోర్డులు, పలుచటి రేకుతో చేసే వస్తువులకు పౌడర్ కోటింగ్‌ను మించినది లేదు. రంగు పొడిని విద్యుదావేశంతో వస్తువుకు అంటించి, ఓవెన్‌లో కరిగించి పూతగా మార్చే పద్ధతి ఇది. అందులో ద్రావణి ఉండదు. వస్తువు మీద పడని పొడిని సైక్లోన్‌తోనో (గాలిని సుడి తిప్పి పొడిని వేరుచేసే పరికరం) కార్ట్రిడ్జ్ ఫిల్టర్‌తోనో తిరిగి పట్టి వాడుకుంటే 95 శాతానికి పైగా సద్వినియోగమవుతుంది. సొంతంగా ఓవెన్ పెట్టే స్తోమత లేకపోతే జాబ్‌వర్క్‌కు ఇవ్వవచ్చు. అయితే పౌడర్ అన్నిటికీ పనికిరాదు. రబ్బరు బుషింగులు, వైరింగ్ బిగించిన వస్తువునూ, ఓవెన్‌లో పట్టని ట్రాలీ ఛాసిస్‌నూ, బరువైన పోత వస్తువునూ 180 నుంచి 200 డిగ్రీల దాకా వేడెక్కించడం కుదరదు, కుదిరినా ఇంధనం దండగ. ఓవెన్‌లో సమయాన్ని లోహం ఆ వేడికి చేరినప్పటి నుంచి లెక్కించాలి తప్ప తలుపు మూసినప్పటి నుంచి కాదు. ఈ తేడా తెలియక సగం ఉడికిన పూతను గీకేసి మళ్లీ వేసేవారు ఆదా చేసినదంతా పోగొట్టుకుంటారు. పౌడర్ ధూళి గాలిలో దట్టంగా చేరితే నిప్పురవ్వకు పేలుతుంది కూడా. కాబట్టి బూత్‌కు (స్ప్రే చేసే గదికి), హ్యాంగర్లకు, వస్తువుకు ఎర్తింగ్ సరిగా ఉండాలి, నేల మీద పడిన పొడిని కంప్రెసర్ గాలితో ఊదకూడదు. హ్యాంగర్ కొక్కేల మీద పేరుకున్న పాత పూతను గీకించకపోతే ఎర్తింగ్ అందదు. గన్ ఎంత మంచిదైనా పొడి వస్తువుకు పట్టదు.

ద్రవ పెయింటే వాడక తప్పనిచోట ఘనపదార్థం ఎక్కువగా ఉండే హై సాలిడ్స్ రకాలను గానీ, నీటి ఆధారిత పెయింట్లను గానీ చూడండి. నీటి ఆధారితం అంటే వీఓసీ పూర్తిగా సున్నా అని కాదు, కొద్దిపాటి సహద్రావణి అందులోనూ ఉంటుంది; తేడా మాత్రం పెద్దదే. దానికి లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ ఉన్న గన్ కావాలి. ఉక్కు రేకును ముందుగా ఫాస్ఫేట్ ద్రావణంతో సరిగా సిద్ధం చేయకపోతే (ఫాస్ఫేటింగ్) పూత కిందే తుప్పు మొలుస్తుంది. మనకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల తేమ ఉన్నప్పుడు నీటి పెయింట్ ఆరడానికి చాలా సమయం తీసుకుంటుంది కాబట్టి ఆ నెలల కోసం వేడిగాలి ఏర్పాటు లేకుండా మారవద్దు. మే నెలలో ట్రయల్ చేసి బ్రహ్మాండంగా ఉందని సంబరపడి, నవంబర్‌లో వస్తువులన్నీ షెడ్డులో పేర్చుకుని కూర్చోవలసి వస్తుంది.

ఎన్‌సీ నుంచి రెండు డబ్బాల పీయూ (పాలీయురెథేన్) పెయింట్‌కు మారితే వీఓసీ తగ్గుతుంది గానీ, రెండో డబ్బాలోని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటికి ఒకసారి ఒళ్లు అలర్జీ పెంచుకుంటే ఆ మనిషికి జీవితాంతం ఉబ్బసం రావచ్చు, ఆ తర్వాత అతి కొద్ది మోతాదుకే ఆయాసం మొదలవుతుంది. ముఖానికి కట్టుకునే గుడ్డ దీనికి అడ్డు కాదు. బయటి నుంచి శుభ్రమైన గాలి గొట్టం ద్వారా అందే మాస్క్ ఇవ్వగలిగితేనే పీయూ స్ప్రే పెట్టుకోండి.

సీసం విషయంలో ఒక అపోహ ఉంది. పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న 2016 నాటి నిబంధనలు, 2017 నవంబర్ నుంచి అమలులోకి వచ్చినవి, ఇళ్లకు, అలంకరణకు వాడే పెయింట్లకే వర్తిస్తాయి. మీరు కొనే పారిశ్రామిక పసుపు, నారింజ రంగుల్లో సీసం, క్రోమియం ఉండకూడదని ఆ నిబంధన చెప్పదు. కాబట్టి కొనుగోలు ఆర్డర్‌లోనే సీసం, క్రోమేట్ లేని రకం కావాలని రాయండి. జింక్ క్రోమేట్ ప్రైమర్‌కు బదులు జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ అడగండి. పాత పూతను గ్రైండర్‌తో గీకేటప్పుడు లేచే ధూళి ఎంత ప్రమాదమో అన్నది నాలుగేళ్ల క్రితం మీరు ఏ ప్రైమర్ కొన్నారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

మూడో మెట్టు: థిన్నర్ కలపడానికి కొలత పెట్టండి

చాలా యూనిట్లలో పెయింట్ చిక్కదనాన్ని కర్రతో కలిపి, ఎత్తి, ధార ఎలా పడుతోందో చూసి తేలుస్తారు. అనుభవమున్న పెయింటర్ కన్ను గొప్పదే, కానీ దానికి ఎప్పుడూ కాస్త ఎక్కువ పోసే అలవాటు ఉంటుంది, ఎందుకంటే పలుచని పెయింట్‌తో గన్ సులువుగా నడుస్తుంది. చిక్కదనం కొలిచే బీ4 ఫోర్డ్ కప్పు ఒకటి, స్టాప్‌వాచ్ ఒకటి ఇచ్చి, ప్రతి పెయింట్‌కూ డేటా షీట్‌లో చెప్పిన సెకన్లను గోడ మీద అంటించండి. కప్పు నిండా పెయింట్ పోసి, అడుగు రంధ్రం నుంచి వేలు తీసి, ధార తెగేదాకా పట్టిన సమయమే ఆ చిక్కదనం. సెకన్లు ఎక్కువ వస్తే కొద్దికొద్దిగా థిన్నర్ కలిపి మళ్లీ చూడాలి, తక్కువ వస్తే అప్పటికే ఎక్కువ పోసేసినట్టు.

వేసవిలో దీని సంగతి ఇంకోలా ఉంటుంది. షెడ్డులో 40 డిగ్రీలున్నప్పుడు పెయింట్ దానంతటదే పలుచబడుతుంది కాబట్టి జనవరిలో కలిపినంత థిన్నర్ అవసరం లేదు. కానీ ద్రావణి తుంపరలోనే ఎగిరిపోయి పూత పొడిపొడిగా, గరుకుగా పడుతుంది. దాన్ని చూసి పెయింటర్ ఇంకాస్త థిన్నర్ పోస్తాడు, అదీ ఎగిరిపోతుంది. దీనికి మందు ఎక్కువ థిన్నర్ కాదు, నెమ్మదిగా ఆవిరయ్యే థిన్నర్. వేసవికి వేరే రకం, చలికాలానికి వేరే రకం కంపెనీలే అమ్ముతాయి. "సార్, థిన్నర్ తగ్గిస్తే ఆరెంజ్ పీల్ వస్తుంది" అని, అంటే పూత నారింజ తొక్కలా గుంటలు పడుతుందని, పెయింటర్ అంటే కొట్టిపారేయకండి, నిజంగానే వస్తుంది. అయితే అది తప్పు నాజిల్‌కు, తక్కువ ప్రెషర్‌కు కూడా వస్తుంది. ఒక స్క్రాప్ రేకు మీద మూడు నాజిళ్లతో కొట్టించి చూపిస్తే ఆ వాదన అక్కడికక్కడే తేలిపోతుంది.

పూత మందం కూడా ఈ మెట్టులోనే చూసుకోవాలి. డ్రాయింగ్‌లో 40 మైక్రాన్లు అడిగితే 60 వేయడం మన దగ్గర మామూలు, అడిగిన దానికంటే ఎక్కువ వేస్తే నాణ్యత అన్న నమ్మకం వల్ల. కానీ ఆ అదనపు 20 మైక్రాన్లకు సగం పెయింట్, సగం వీఓసీ ఎక్కువ ఖర్చవుతాయి. దువ్వెనలా పళ్లున్న వెట్ ఫిల్మ్ గేజ్‌ను తడి పూత మీద ఆనించి తీస్తే, తడిసిన చివరి పన్ను మీది అంకే తడి మందం. సగం ఘనపదార్థమున్న పెయింట్‌లో 20 శాతం థిన్నర్ కలిపితే ఘనపదార్థం 42 శాతం దాకా తగ్గుతుంది. 40 మైక్రాన్ల పొడి పూత కావాలంటే తడి పూత 96 మైక్రాన్ల దగ్గర ఉండాలి. ఈ ఒక్క అంకెను పెయింటర్‌కు చెప్పి గేజ్ చేతికిస్తే చాలు.

నాలుగో మెట్టు: గన్‌ను, కొట్టే పద్ధతిని సరిచేయండి

కంప్రెసర్ గాలితో గట్టిగా కొట్టే మామూలు గన్ నుంచి వచ్చిన పెయింట్‌లో వస్తువుకు అంటేది సుమారు 30 శాతం, కాస్త అటూఇటూ. మిగతాది తుంపరై పోతుంది. హెచ్‌వీఎల్‌పీ (ఎక్కువ గాలి, తక్కువ ప్రెషర్) గన్ నాజిల్ దగ్గర గాలి ప్రెషర్‌ను చదరపు సెంటీమీటరుకు 0.7 కిలోలకు మించనివ్వదు, కాబట్టి బిందువులు మెల్లగా వెళ్లి వస్తువు మీద నిలుస్తాయి, 65 శాతం దాకా అంటుతాయి. దీనర్థం ఏమిటో లెక్క చూస్తేగానీ తెలియదు. సగం ఘనపదార్థమున్న పెయింట్‌తో వస్తువుల మీద 10 లీటర్ల గట్టి పూత నిలవాలంటే మామూలు గన్‌తో 67 లీటర్ల పెయింట్ కావాలి, హెచ్‌వీఎల్‌పీతో 31 లీటర్లు చాలు. ధూళి ఒక్కటే కాదు, వీఓసీ కూడా 29 కిలోల నుంచి 13 కిలోల చిల్లరకు దిగుతుంది. పెయింట్ బిల్లు కూడా సగానికి పడుతుంది గనుక ఈ గన్ ధర గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు.

కొనేముందు ఒకటి చూసుకోండి. హెచ్‌వీఎల్‌పీకి గాలి ప్రెషర్ తక్కువైనా పరిమాణం ఎక్కువ కావాలి. రెండు హెచ్‌పీ చిన్న కంప్రెసర్‌కు తగిలిస్తే ఐదు నిమిషాల్లో ట్యాంక్ ఖాళీ అయి గన్ ఉమ్మడం మొదలవుతుంది, దాంతో అది పనికిరాదని మూలన పడేస్తారు. గన్‌కు ఎన్ని సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగుల గాలి) కావాలో చదివి, కంప్రెసర్ ఇచ్చేదానితో పోల్చి, గాలి గొట్టం లోపలి వ్యాసం కూడా చూసి కొనండి. పెద్ద ఛాసిస్‌లకు, స్ట్రక్చర్లకు, గాలి లేకుండా పెయింట్‌నే ప్రెషర్‌తో కొట్టే ఎయిర్‌లెస్ పంపు నప్పుతుంది. గ్రిల్స్, పైపులు, వైర్ వస్తువులకు ఎలక్ట్రోస్టాటిక్ గన్‌ను మించినది లేదు, ఎందుకంటే విద్యుదావేశం వల్ల పెయింట్ వెనకవైపుకు కూడా చుట్టుకుంటుంది.

గన్ మారినా చేయి మారకపోతే ఫలితం సగమే. పెయింటర్ పక్కన నిలబడి గమనించండి. గన్ వస్తువుకు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, నిటారుగా, సమాంతరంగా కదలాలి. అలసిన మణికట్టు విల్లులా తిరుగుతుంది, మధ్యలో దగ్గరగా, చివర్లలో దూరంగా. ఆ చివర్లలో పడే పెయింట్ అంచు దాటి గాలిలోకి పోతుంది. ట్రిగ్గర్‌ను అంచుకు కొద్దిగా ముందు నొక్కి, అంచు దాటగానే వదలాలి, కానీ మన దగ్గర ఎక్కువమంది ఒకసారి నొక్కితే వస్తువు అయ్యేదాకా వదలరు. ఒక్కో వరుస పక్క వరుస మీద సగం పడాలి. ఐదు అంగుళాల పట్టీకి తుంపర వెడల్పును (ఫ్యాన్) పది అంగుళాలు పెట్టడం కూడా పెయింట్‌ను గాలిపాలు చేయడమే. చిన్న వస్తువులను విడివిడిగా కాకుండా జిగ్ (వేలాడదీసే చట్రం) మీద దగ్గరదగ్గరగా వేలాడదీస్తే ఒకదాన్ని తప్పించుకున్న తుంపర రెండోదానికి అంటుతుంది. ఈ అలవాట్లన్నీ మారడానికి తిట్లు పనికిరావు. నెలాఖరున మిగిలిన పెయింట్‌ను లెక్కగట్టి అందులో కొంత పెయింటర్‌కు ప్రోత్సాహకంగా ఇవ్వడం బాగా పనిచేస్తుంది.

ఐదో మెట్టు: కడగడం, మూతలు, గుడ్డలు

సాయంత్రం గన్‌లో థిన్నర్ పోసి గాలిలోకి కొట్టి శుభ్రం చేయడాన్ని ఈ రోజే ఆపించండి. అలా కొట్టిన ప్రతి చుక్కా గాలిలోకే. మూతపెట్టిన గన్ వాషర్ కొనలేకపోతే, గాలి లైన్ తీసేసి, ఇరుకు మూతి డబ్బాలోకి గన్‌ను వంచి కడిగించండి. మొదటి కడుగుకు పాత థిన్నర్, చివరి కడుగుకు మాత్రమే కొత్తది వాడాలి. కడిగిన థిన్నర్‌ను మూత బిగించిన డబ్బాలో కొన్ని రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుగుకు దిగుతుంది, పైన తేరినది మళ్లీ మొదటి కడుగుకు వస్తుంది. లేత రంగుల నుంచి ముదురు రంగులకు వెళ్లేలా రోజు పనిని అమర్చుకుంటే కడగవలసిన సార్లే తగ్గిపోతాయి.

ఎక్కువ మొత్తంలో వాడేవారు థిన్నర్‌ను స్వేదనం చేసే యంత్రం పెట్టుకోవచ్చు, అయితే ఎన్‌సీ పెయింట్ కలిసిన థిన్నర్‌ను అందులో పోయకూడదు. అడుగున మిగిలే నైట్రోసెల్యులోజ్ వేడికి భగ్గుమంటుంది. పొయ్యి మీద సొంతంగా కాచే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. టొలీన్ ఆవిరి 4 డిగ్రీల దగ్గరే నిప్పంటుకునే స్థితికి వస్తుంది, మన ఊళ్లలో ఏ రోజూ అంత చల్లగా ఉండదు. డ్రమ్ములను ఎండలో, రేకుల షెడ్డు పక్కన పెట్టకండి, పంపు తీసి మూత పెట్టడం మరవకండి. తుడిచిన గుడ్డలను మూతపడే ఇనుప డబ్బాలో నీళ్లు పోసి ఉంచండి; ఎనామెల్ పెయింట్ పీల్చుకున్న గుడ్డల కుప్ప తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. గ్రీజు తుడవడానికి థిన్నర్ వాడే యూనిట్లు దాన్ని మాని, క్షార డీగ్రీజర్ ట్యాంక్‌కు మారితే మరో పెద్ద పద్దు రిజిస్టర్ నుంచి పోతుంది.

ఆరో మెట్టు: బూత్ ఏం పడుతుందో, ఏం వదిలేస్తుందో తెలుసుకోండి

పొడి ఫిల్టర్ బూత్ అయినా, నీటి తెర బూత్ అయినా పెయింట్ కణాలను మాత్రమే పడుతుంది. ద్రావణి ఆవిరి రెండింటినీ దాటుకుని చిమ్నీలోంచి వెళ్లిపోతుంది. నీటి తెర ఉంది కాబట్టి మాకు కాలుష్యం లేదని చెప్పుకునే యజమానులు చాలామంది ఉన్నారు, వాసన చూస్తే చాలు ఆ మాట నిలవదని తెలుస్తుంది. అయినా బూత్ అవసరమే. ఆరుబయట స్ప్రే చేయడం ఏ కారణంతోనూ కొనసాగించకండి.

బూత్ ముందు గాలి లోపలికి సెకనుకు సుమారు అర మీటరు వేగంతో వెళ్లాలి. మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న బూత్‌కు అది గంటకు 13,500 ఘనపు మీటర్లు. ఫిల్టర్ వెనక ముందు ప్రెషర్ తేడా చూపే గేజ్ పెట్టి, తయారీదారు చెప్పిన హద్దు చేరగానే ఫిల్టర్ మార్చండి. చేత్తో దులిపి మళ్లీ పెట్టిన ఫిల్టర్‌కు చిల్లులు పడి ఉంటాయి. ఫ్యాన్ మోటారు, లైట్లు ఫ్లేమ్‌ప్రూఫ్ రకానివే ఉండాలి. చిమ్నీ పైన వానకోసం పెట్టే గొడుగు మూత గాలిని మళ్లీ కిందికే తోస్తుంది, దాని బదులు చుట్టూ వెడల్పాటి తొడుగున్న రకం పెడితే వానా పడదు, గాలీ నిటారుగా పోతుంది. అయితే చిమ్నీ ఎత్తు పెంచడం పక్కవాళ్లకు ఉపశమనమే తప్ప పోయే కిలోలను ఒక్కటీ తగ్గించదు.

బూత్‌లో కొట్టి, తడి వస్తువును ఆరడానికి పెరట్లోకి తెచ్చిపెట్టడం దాదాపు ప్రతిచోటా కనిపిస్తుంది. ద్రావణిలో గణనీయమైన భాగం కొట్టిన తర్వాతే ఆవిరవుతుంది కాబట్టి అలా చేస్తే ఆ భాగానికి మీ బూత్ ఉన్నా లేనట్టే. ఆరబెట్టే చోటును కూడా గదిగా మూసి, దాని గాలిని బూత్ డక్ట్‌లోకే కలపండి.

ఏడో మెట్టు: ఇప్పుడు పైకప్పు యంత్రం

పై ఆరింటినీ చేశాక కూడా మిగిలిన ఆవిరిని పట్టాలంటే ఆవిరిని పట్టుకునే బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్ గానీ, ఆర్‌టీఓ (రీజెనరేటివ్ థర్మల్ ఆక్సిడైజర్) అనే కాల్చే యంత్రం గానీ కావాలి. కార్బన్ గురించి అమ్మేవారు చెప్పనిది ఒకటుంది: అది తన బరువులో ఆచరణలో పదో వంతు, మహా అయితే కాస్త పైన ద్రావణిని పడుతుంది. మనం లెక్క కట్టిన యూనిట్ నుంచి బూత్ ద్వారా రోజుకు 4.5 కిలోలు పోతుంటే, 200 కిలోల కార్బన్ పెట్టె నాలుగైదు పనిదినాల్లో నిండిపోతుంది. ఆ తర్వాత అది గాలి వెళ్లే ఖాళీ గొట్టమే. ఏడాదికోసారి కార్బన్ మార్చే పెట్టెకు డబ్బు పెట్టడం కన్నా ఆ డబ్బుతో గన్లు కొనడం నయం. పెట్టేటట్లయితే మార్పిడికి, నిండిన కార్బన్‌ను తిరిగి శుద్ధి చేసే ఏర్పాటుకు ఒప్పందం ముందే చేసుకోండి. పెయింట్ ధూళి రాకుండా ముందు మంచి ఫిల్టర్ ఉండాలి. నీటి తెర వెనక తేమతో నిండిన గాలిని నేరుగా పంపకూడదు. ఎంఈకే వంటి కీటోన్లు ఎక్కువగా వాడేవారి కార్బన్ పొరలు లోలోపల వేడెక్కి అంటుకున్న సంఘటనలు పరిశ్రమలో ఉన్నాయి కాబట్టి పొర ఉష్ణోగ్రత చూపే సెన్సార్ తప్పనిసరి.

ఆర్‌టీఓ 800 డిగ్రీల పైన ఆవిరిని కాల్చి 95 శాతానికి పైగా నాశనం చేస్తుంది. అయితే అది తన వేడితో తానే నడవాలంటే ఘనపు మీటరు గాలిలో దాదాపు ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల ద్రావణి ఉండాలి. మన ఉదాహరణలోని బూత్ రోజుకు ఆరు గంటలు నడిస్తే దాని గాలిలో ఉండేది 55 మిల్లీగ్రాములు. అంత పలుచని గాలిని కాల్చడానికి గ్యాస్ పోస్తూనే ఉండాలి, ఒక కాలుష్యాన్ని ఆర్పడానికి ఇంకొకటి పుట్టించినట్టవుతుంది. శ్రీసిటీలోని వాహన పరిశ్రమల స్థాయిలో, ఓవెన్ల గాలి చిక్కగా వచ్చేచోట, ఆవిరిని పట్టి కూడబెట్టే జియోలైట్ చక్రంతో ముందు చిక్కబరిచే వీలున్నచోట ఇది సరైన యంత్రం. చిన్న యూనిట్‌కు ఇది నప్పదు.

కాగితాలు

ఈ మార్పులలో కొన్నిటిని కాలుష్య నియంత్రణ మండలికి చెప్పకుండా చేయకూడదు. 1981 నాటి వాయు చట్టం కింద మీకు ఇచ్చిన సీఎఫ్‌ఓలో (యూనిట్ నడిపే అనుమతి పత్రంలో) ఉత్పత్తులు, చిమ్నీలు, ఇంధనం రాసి ఉంటాయి. ద్రవ పెయింట్ నుంచి పౌడర్‌కు మారి ఓవెన్ పెట్టినా, కొత్త బూత్ కట్టినా తిరుపతిలోని ప్రాంతీయ కార్యాలయానికి ముందుగా దరఖాస్తు చేసి సవరణ తీసుకోండి. పెయింట్ మడ్డి, వాడిన థిన్నర్, పెయింట్ అంటిన ఫిల్టర్లు, గుడ్డలు, ఖాళీ డబ్బాలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. వాటిని 90 రోజులకు మించి ఉంచుకోకూడదు, అనుమతి ఉన్న సంస్థకే ఫారం 10 మ్యానిఫెస్ట్‌తో (రవాణా పత్రంతో) పంపాలి, తూకానికి పాత సామాన్ల వ్యాపారికి అమ్మకూడదు. వార్షిక రిటర్న్ ఫారం 4ను జూన్ 30లోగా దాఖలు చేయాలి. అందులో మీరు రాసే వాడిన థిన్నర్ బరువు, మొదటి మెట్టు లెక్కలో ఆ ఏడాది బయటికి పంపినట్టు చూపిన వాడిన థిన్నర్ బరువు ఒకటే కావాలి. తేడా వస్తే ఆ తేడా ఏ డ్రమ్ములోంచి ఆవిరైందో వెతకడం జులై నెల మొదటి పనిగా పెట్టుకోండి.